పాంథియన్ గుమ్మటం నిలిచింది, మా బాల్కనీ పెచ్చులూడింది: రోమన్ కాంక్రీటులో నిజంగా రహస్యముందా?

ప్రశ్న: బెజవాడ బాల్కనీ

మొన్న ఏప్రిల్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్తూ రెండు రోజులు రోములో ఆగాము. అక్కడ పాంథియన్ అనే పాత రోమన్ ఆలయం చూడటానికి వెళ్లాము. పాంథియన్‌లో అడుగుపెట్టే సమయానికి సరిగ్గా వాన అందుకుంది. గుమ్మటం నడినెత్తిన దాదాపు 9 మీటర్ల వెడల్పున గుండ్రని కంత ఉంది. దానికి అద్దమూ లేదు, మూతా లేదు. వాన నేరుగా లోపలి పాలరాతి నేల మీద పడుతుంటే, నేల నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండటం వల్ల నీరు నిలవకుండా జారి, రాళ్లలో తొలిచిన చిన్న రంధ్రాల గుండా దిగిపోయింది. 43 మీటర్ల పైచిలుకు వ్యాసమున్న ఆ గుమ్మటం హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయిందనీ, ఇనుప చువ్వలు లేని కాంక్రీటు గుమ్మటాల్లో నేటికీ ప్రపంచంలో అదే పెద్దదనీ చదివి, మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి తిరిగి వచ్చేసరికి మా బాల్కనీ పైనున్న శ్లాబు నుంచి పళ్లెమంత పెచ్చు ఊడి, బట్టలారేసే తీగను తెంపుకుని కింద పడి ఉంది. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉల్లిపొరల్లా విచ్చుకుంది. మా భవనానికి 26 ఏళ్లు. ఆ గుమ్మటానికి 1900. రోమన్ల కాంక్రీటు రహస్యం వాళ్లతోనే పోయిందనీ, ఇప్పటి శాస్త్రజ్ఞులకు కూడా అది అంతుపట్టడం లేదనీ వీడియోల్లో చెబుతున్నారు. ఇందులో నిజమెంత? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: లోడు లెక్కలు

బాల్కనీ గారూ, మీరు పోల్చినవి రెండు కాంక్రీట్లు కావు, రెండు ఆకారాలు. కాంక్రీటు ఏ కాలానిదైనా నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే తెగిపోతుంది. కమానులోనూ గుమ్మటంలోనూ బరువు ఒక రాయి మీది నుంచి మరో రాయి మీదికి నొక్కుకుంటూ నేలకు చేరుతుంది కనుక లాగుడు చాలా తక్కువ. మీ బాల్కనీ శ్లాబు అలా కాదు. అది గోడలోంచి చాచిన చెయ్యి లాంటిది, బరువు పడగానే దాని పైభాగం సాగుతుంది. ఆ సాగుడును తట్టుకోవడానికే అందులో ఇనుము వేస్తారు.

అసలు చిక్కు ఆ ఇనుముతోనే ఉంది. కొత్త కాంక్రీటులోని క్షారగుణం చువ్వకు తుప్పు పట్టనివ్వదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకేకొద్దీ ఆ గుణం బయటి పొర నుంచి లోపలికి తరిగిపోతూ వస్తుంది. కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు పొర, చాలినంత వదలకుండా చువ్వను దాదాపు సెంట్రింగు రేకుకు (పోత పోసే అచ్చు రేకుకు) ఆనించి పోసిన చోట అది త్వరగా చువ్వను చేరుతుంది. దానికి తోడు పైనుంచి నీరు దిగితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కింది పొరను లోపలి నుంచే తోసేస్తుంది. మీ తీగ మీద పడ్డ పెచ్చు కథ ఇదే. పాంథియన్ గుమ్మటంలో తుప్పు పట్టే చువ్వే లేదు.

అలాగని ఆ గుమ్మటానికి పగుళ్లు లేవనుకోకండి. దాని కింది సగంలో అంచు నుంచి పైకి పాకిన నిలువు పగుళ్లున్నాయి. గుమ్మటం తన బరువుకు కింది భాగంలో పక్కలకు విచ్చుకోవాలని చూస్తుంది. అక్కడ లాగుడు పుట్టింది, కాంక్రీటు చీలింది, ఆ తరువాత అది ఒకదానికొకటి ఆనుకున్న కమానుల గుంపులా పనిచేస్తూ నిలిచింది. పక్కలకు వచ్చే ఆ తోపును ఆపుతున్నది సుమారు 6 మీటర్ల మందమున్న గుండ్రని గోడ. పైగా బరువు తగ్గించడానికి వాళ్లు చేయని పని లేదు. గుమ్మటం మందం అడుగున 6 మీటర్ల దాకా ఉండి, కంత దగ్గరికి వచ్చేసరికి మీటరున్నర లోపుకు దిగుతుంది; పునాదిలో బరువైన రాయి, ఆపైన టఫ్ రాయి (గట్టిపడిన అగ్నిపర్వతపు బూడిద), ఇటుక ముక్కలు, నడినెత్తిన నీటిలో తేలే ప్యూమిస్ రాయి వేసి, ఎత్తు పెరిగేకొద్దీ కంకరనే తేలిక చేశారు. నాకు ఆ కట్టడంలో అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఈ కంకర ఎంపికే.

ఇదే పద్ధతిలో మన ఇల్లు కడదామంటే, 200 గజాల స్థలం 30 అడుగుల వెడల్పుంటుందనుకుందాం; రెండు వైపులా 6 మీటర్ల గోడలు లేపితే గది సంగతి దేవుడెరుగు, గోడలకే చోటు చాలదు. మందంతో, సొంత బరువుతో నిలిచే కట్టడం మనకు కొత్తేమీ కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట కృష్ణ నీటిని ఆపుతున్నది చువ్వల బలంతో కాదు, తన బరువుతోనే.

జవాబు: మేస్త్రి మనవడు

లోడు లెక్కలు గారు చెప్పిన ఆకారం మాట ఒప్పుకుంటాను కానీ, పదార్థాన్ని అంత తేలికగా దాటేయకూడదు. నేపుల్స్ దగ్గర ఇప్పుడు పొజ్జువోలి అంటున్న ఊరి పరిసరాల్లోని అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపితే అది నీటి అడుగున కూడా గట్టిపడుతుందని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీస్తుకు పూర్వమే రాశాడు. సముద్రంలో మునిగాక అది అలలకు లొంగని ఒకే రాయిగా మారి రోజురోజుకూ బలపడుతుందని రోమన్ రచయిత ప్లినీ అన్నాడు. అది అతిశయోక్తి కాదని 2017లో మేరీ జాక్సన్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం చూపింది: ఉప్పునీరు లోపలికి ఇంకి బూడిదను కరిగించేకొద్దీ, ఆ సందుల్లో కొత్త స్ఫటికాలు పెరిగి కాంక్రీటును మరింత బిగిస్తున్నాయి. యూదయ దేశపు హేరోదు రాజు అక్కడి సిజేరియా రేవును కట్టించినప్పుడు ఈ బూడిదను ఇటలీ నుంచి ఓడల్లో తెప్పించుకున్నారంటే, దాని విలువ వాళ్లకు ఎంత తెలుసో ఊహించవచ్చు.

మా తాత డంగు సున్నం పని చేసిన మనిషి. గుండ్రని కాలువలో సున్నం, ఇసుక పోసి, రాతి చక్రాన్ని ఎద్దుతో తిప్పించి, మధ్యమధ్య చిటికెడు తీసి బొటనవేలితో నలిపి చూసేవాడు. తెల్లని పలుకు ఒక్కటి తగిలినా మళ్లీ తిప్పమనేవాడు. సున్నం పలుకు ఉన్న గచ్చు తరువాత పొక్కుతుందని ఆయన భయం. రోమన్ కాంక్రీటు ముక్కను కోసి చూస్తే అలాంటి తెల్లని పలుకులు నిండా కనబడతాయి. అది సరిగా కలపకపోవడం వల్ల జరిగిన లోపమనే చాలాకాలం అనుకున్నారు. 2023లో అమెరికాలోని ఎమ్.ఐ.టీ. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటలీలోని ప్రివెర్నమ్ అనే పాత పట్టణపు గోడ ముక్కలను పరీక్షించి, కాల్చిన సున్నాన్ని ముందుగా చల్లార్చకుండా నేరుగా బూడిదలో కలిపి, తరువాత నీరు పోసి, అప్పుడు పుట్టే వేడిలోనే కలిపి ఉంటారని చెప్పారు. ఆ పలుకులే తరువాత మందుగా పనికొస్తాయి: పగులు పడి నీరు దిగినప్పుడు పలుకు కరిగి, ఆ సున్నపు నీరు మళ్లీ స్ఫటికంగా మారి పగులును పూడుస్తుంది. ఆ పద్ధతిలో కొత్తగా పోసిన దిమ్మెలను పగలగొట్టి, అరమిల్లీమీటరు సందు ఉంచి నీరు వదిలితే, రెండు వారాల్లో నీరు ఆగిపోయింది. తాత ఉంటే ఒక పట్టాన నమ్మేవాడు కాదు.

బూడిద దొరకని చోట రోమన్లు పెంకులు దంచిన పొడి కలిపేవారు. మన వాళ్లు సుర్ఖీ (దంచిన ఇటుక పొడి) కలిపింది అదే పని కోసం. కాబట్టి బాల్కనీ గారు విన్న వీడియోలు సగమే నిజం. సూత్రం మరుగున పడిన కాలం ఉంది, చిన్న మర్మాలు ఇప్పటికీ తేలుతున్నాయి, కానీ అంతుపట్టని రహస్యమేమీ లేదు.

జవాబు: పాత గోడలు

ఒక్క మాట చేర్చాలి. రోమన్లు కట్టినవన్నీ నిలిచాయన్న భ్రమ మనకు కలగడానికి కారణం, పడిపోయినవి మన కళ్లకు కనబడకపోవడమే. క్రీ.శ. 27లో రోముకు దగ్గరలోని ఫిడెనేలో అటిలియస్ అనే ఆసామి గట్టి పునాది వేయకుండా, దూలాలు సరిగా బిగించకుండా చెక్కతో ఆటల మండపం కట్టించాడు. అది నిండు జనంతో కూలిపోయింది. చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి 50 వేలమందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ లెక్కను కొంత తగ్గించుకున్నా ఘోరమే. ఆ తరువాత సెనేటు, 4 లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) ఆస్తి లేనివాడు గ్లాడియేటర్ల పోటీలు పెట్టరాదనీ, నేల గట్టిదని తేలకుండా మండపం కట్టరాదనీ శాసించింది. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియం దక్షిణపు బయటి గోడ కూడా 1349 భూకంపంలో కూలింది. ఆ రాళ్లను జనం ఇతర కట్టడాలకు తరలించుకుపోయారు. మిగిలిన రాళ్ల మీద ఇప్పుడు కనబడే గుంటలు, వాటిని బిగించిన ఇనుప బందులను పెకలించిన గుర్తులే.

పాంథియన్ అలా కాకపోవడానికి దాని కాంక్రీటు ఎంత కారణమో, 609లో అది చర్చిగా మారడమూ అంతే కారణం. వాడుకలో ఉన్న కట్టడానికి ఎవరో ఒకరు మరమ్మతు చేయిస్తూనే ఉంటారు. క్రీ.పూ. 19లో రోమన్ సేనాని అగ్రిప్పా తవ్వించిన ఆక్వా విర్గో అనే నీటికాలువనే చూడండి. 537లో గోత్‌లు రోమును ముట్టడించి నీటికాలువలను తెంచినా, అది చాలామటుకు భూగర్భంలో ఉండటంతో అంతగా దెబ్బతినలేదు. తరువాతి కాలంలో పోపులు దాన్ని బాగు చేయించారు. మీరు రోములో ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం వేసి ఉంటే, అది పడింది ఆ కాలువ నీటిలోనే.

ఇక ప్రభావం అంటారా, హైదరాబాదు కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ ముందు నిలబడి ఆ కోరింథియన్ స్తంభాల (తలకట్టులో ఆకులు చెక్కిన గ్రీకు-రోమన్ స్తంభాల) వరుసనూ దాని మీది త్రికోణాన్నీ చూడండి. మీరు పాంథియన్ వాకిట్లో చూసింది దాని పెద్దమ్మనే.

బెజవాడ బాల్కనీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాణెం వేశాను, కాలువ సంగతి తెలియక. మేస్త్రి మాత్రం ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే చాలంటున్నాడు. అంతటితో సరిపోతుందా?

లోడు లెక్కలు:

సరిపోదు. ముందుగా ఒక ఇంజనీరును పిలిపించి, చువ్వల మందం ఎంత మిగిలిందో, బాల్కనీ బరువు మోసే పైవరుస చువ్వలు ఎలా ఉన్నాయో చూపించండి. ఆ లోగా దాని మీదా కిందా ఎవరినీ నిలబడనివ్వకండి. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే డొల్లగా మోగిన మేరంతా తీసేయవలసిందే. చువ్వ చుట్టూ చెక్కి, తుప్పును మెరిసేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేశాకే కొత్త పొర వేయించాలి. అన్నిటికన్నా ముందు నీరు ఎక్కడి నుంచి దిగుతోందో పట్టుకోండి. పాంథియన్ పైకప్పు కంచు పలకలను 663లో రెండవ కాన్‌స్టాన్స్ చక్రవర్తి ఊడబెరుక్కుపోతే, తరువాతి శతాబ్దంలో మూడవ గ్రెగరీ పోపు సీసపు రేకులు పరిపించాడు. మీ పై అంతస్తువారి బాల్కనీ నేలకు ఆ పని జరగకపోతే, ఎంత బాగా పూసినా మళ్లీ తీగ మీద పెచ్చు పడుతుంది.