నల్గొండలో సొంతంగా జీన్ (zine, మనమే చేసుకునే చిన్న పుస్తకం) అచ్చు వేసుకోవాలి, సలహా కావాలి

నల్గొండ పక్కనున్న పానగల్లు గుళ్ల మీద వేసిన స్కెచ్‌లతో చిన్న జీన్ చేస్తున్నా. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ, స్తంభాల నగిషీ, మధ్యమధ్యలో ఊరివాళ్లు చెప్పిన ముచ్చట్లు. ఏ4 మధ్యకు మడిస్తే ఏ5 సైజు, 6 షీట్లకు 24 పేజీలు.

అసలు తలనొప్పి తెలుగు టైపుతో. నేను యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో మామూలుగా వాడే తెలుగు) కొట్టుకున్నా. గడియారం సెంటర్ దగ్గర డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో (పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్) పెట్టగానే వత్తులు, గుణింతాలు అన్నీ చెల్లాచెదురు. "అనూ ఫాంట్‌లో మళ్లీ కొట్టాలె" అంటడు, అంటే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్‌లో. అంత అవసరమా? ఇంట్లోనే పేజీలు పేర్చి, ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్ లోపలే ఉంచిన) పీడీఎఫ్ ఇస్తే సరిపోతుందనుకుంటున్నా. స్క్రైబస్‌లో (పేజీలు పేర్చే ఉచిత సాఫ్ట్‌వేర్) తెలుగు పుస్తకం చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి, పెన్సిల్ గీతలు జిరాక్స్‌లో వెలిసిపోతున్నయి. స్కాన్ చేసి కాంట్రాస్ట్ పెంచితే గీత నల్లబడుతుంది గానీ కాగితం గరుకు కూడా మచ్చల్లా తేలుతోంది. ఇంకు పెన్నుతో మళ్లీ దిద్దడమే మేలంటారా?

కాగితం లోపలికి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు), అట్టకు 200 అనుకున్నా. మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు, పొడుగు చెయ్యిది నల్గొండలో ఎక్కడ దొరుకుతుంది? లేక సూదీ దారంతో కుట్టేయాలా?

మొదట 50 కాపీలే. అమ్మడం సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఫాంట్ గోల తేల్చండి అన్నలూ, అక్కలూ.