పొలం దావా వచ్చింది, ఏ లాయరును పెట్టుకోవాలి? (ప్రొద్దుటూరు)

రాజుపాళెం కోడలు:

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా రాజుపాళెం మండలం. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటూ ఇంట్లోనే జాకెట్లు కుట్టుకుంటున్నాను. మా ఆయన పోయి రెండేళ్లయింది. కేసీ కాలువ కింద మాకు 2 ఎకరాల 40 సెంట్ల పొలం ఉంది. మా మామ బతికున్నప్పుడే పెద్దమనుషుల ముందు ఇద్దరు కొడుకులకూ నోటిమాటగా పంచినాడు. కాగితం రాసుకోలేదు. పాసుపుస్తకం ఇప్పటికీ మా మామ పేరు మీదే ఉంది. పోయిన వారం కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. పొలమంతా తన స్వాధీనంలోనే ఉందని, నన్ను అడుగు పెట్టనివ్వకుండా ఇంజంక్షన్ ఇవ్వాలని మా బావ దావా వేసినాడు. వాయిదా ఈ నెల 24న.

నా దగ్గర నీటి తీరువా రసీదులు, పోయిన ఏడాది నా పేరుతో ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంటల నమోదులో) శనగ నమోదు చేయించిన కాగితం, మా ఆయన విత్తనాల ఖర్చు, ట్రాక్టరు బాడుగ రాసుకున్న రెండు నోటుబుక్కులు ఉన్నాయి.

ఇద్దరు లాయర్లను కలిసినాను. ఒకాయన బాగా పేరున్న మనిషి. ఆఫీసు నిండా జనం. నా సంచి విప్పి చూడనేలేదు. "చిన్న కేసమ్మా, గ్యారంటీగా గెలుస్తాం. ఫీజు ఇప్పుడేమీ వద్దు, గెలిచాక 30 సెంట్లు రాసివ్వు" అన్నాడు. సంతకాలు పెట్టమని నాలుగు తెల్లకాగితాలు ముందుకు తోసినాడు. కళ్లజోడు తెచ్చుకోలేదని చెప్పి వచ్చేసినాను.

ఇంకొకామె చిన్న వయసు, ప్రాక్టీసు పెట్టి ఆరేళ్లంట. నా రసీదులన్నీ టేబుల్ మీద ఏళ్ల వారీగా పరిచింది. "అక్కా, మధ్యలో రెండేళ్లవి లేవే. అప్పుడు పొలం ఎవరు చేసినారు?" అని అడిగింది. నిజానికి ఆ రెండేళ్లు మా ఆయనకు ఒంట్లో బాగాలేక మా బావకే గుత్తకు ఇచ్చినాం. ఆ మాట చెబితే కేసు పోతుందేమోనని భయమేసి, గుర్తులేదని చెప్పినాను. ఫీజు 25 వేలు, మూడు విడతల్లో ఇవ్వమంది. కానీ ఆమె ఎక్కువగా మనోవర్తి, విడాకుల కేసులే చూస్తుందట. "అవతల సీనియర్ ఉన్నాడు, ఈ పిల్ల లాయరు నిలబడలేదు" అని మా తమ్ముడు అంటున్నాడు. టెన్షన్‌తో రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఎవరిని పెట్టుకోమంటారు?

మైదుకూరు టీచరు:

అక్కా, ఆ 30 సెంట్ల మాట దగ్గరే ఆయన్ను వదిలెయ్యండి. కేసులో ఉన్న ఆస్తిలో వాటా ఫీజుగా అడగకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. తెల్లకాగితం మీద మాత్రం ఎవరికీ సంతకం పెట్టొద్దు.

జమ్మలమడుగు రైతు:

చెల్లెమ్మా, నీది చదివినాక నా సంగతి చెప్పకుండా ఉండలేకపోయినాను. మా నాయన ఇంటి స్థలం మీద పక్కింటాయన దావా వేస్తే, కడపలో పెద్ద పేరున్న ప్లీడరును పెట్టుకున్నాం. పేరు చూసే పెట్టుకున్నాం, వేరే ఏమీ అడగలేదు. ఆయన మా కోర్టుకు ఒక్కసారి వచ్చినాడు. తర్వాత జూనియరు, ఆ తర్వాత గుమాస్తా. నేను ప్రతి వాయిదాకూ పొద్దున బస్సుకు పోయి, కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న పెరుగన్నం తిని, "సారు హైకోర్టు పనిలో ఉన్నాడు, ఇంకో వాయిదా పడింది" అన్న మాట విని ఇంటికొచ్చేవాణ్ణి. ఒకరోజు అనుమానమొచ్చి నకళ్ల సెక్షన్‌లో అడిగితే, అసలు మా తరఫున జవాబే దాఖలు చేయలేదని, మా మాట వినకుండానే తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) అయిపోయిందని చెప్పినారు. డిక్రీ రద్దు చేయమని అడగడానికి ఉన్న 30 రోజులూ ఎప్పుడో దాటిపోయినాయి. ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషన్, డిక్రీ రద్దుకు ఇంకొకటి, అవతలి వాళ్లకు ఖర్చులు. మా నాయన ఆ దిగులుతోనే మంచం పట్టినాడు.

రెండో లాయరును మాత్రం నేను వేరేగా వెతికినాను. మూడు రోజులు వరసగా కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఎవరు కూర్చున్నా వద్దనరు. బంట్రోతు పేర్లు పిలుస్తుంటే ఏ లాయరు లేస్తున్నాడు, ఎవరి తరఫున ఎవరూ లేవడం లేదు అన్నీ కనబడతాయి. మూడో రోజు ఒక పొలం కేసులో సాక్షి బోను ఎక్కినాడు. ఇరవై ఏళ్లుగా ఆ చేను నేనే దున్నుతున్నానని చెప్పినాడు. అవతలి లాయరు గొంతు పెంచలేదు. "తూర్పు గట్టు మీద ఏ చెట్టుంది?" అని అడిగినాడు. "ఏ చెట్టూ లేదు" అన్నాడు సాక్షి. చేను చూసి రమ్మని కోర్టు పంపిన కమిషనర్ రిపోర్టులో అదే గట్టు మీద పెద్ద చింతచెట్టు ఉందని రాసి ఉంది. ఆ ఒక్క జవాబు జడ్జి గారు టైపిస్టుకు చెప్పి రాయించినారు. ఆ చింతచెట్టును దగ్గర పెట్టుకుని ప్రశ్న అడగాలంటే, ఆ లాయరు తన కక్షిదారును పక్కన కూర్చోబెట్టుకుని చేను మూల మూలా అడిగి ఉండాలి, రిపోర్టు చదివి ఉండాలి. ఆ సాయంత్రమే ఆయన దగ్గరికి పోయినాను. ఆయనకూ అప్పటికి ప్రాక్టీసు ఏడో ఏడే.

కాబట్టి వయసు చూడొద్దు. ఆమెను ఒక్కటే అడుగు: "మా బావను బోనులో ఎదురు ప్రశ్నలడగడం (క్రాస్ ఎగ్జామినేషన్) మీరే చేస్తారా, ఇంకెవరినైనా పంపుతారా?" పొలం దావాల్లో చాలావరకు తేలేది అక్కడే. ఆమె సివిల్ కేసుల్లో సాక్షిని ప్రశ్నిస్తుంటే ఒక రోజు పోయి చూసిరా. ఆ రెండేళ్ల గుత్త సంగతి దాచొద్దు తల్లీ, అవతలి వాళ్లకు అది ముందే తెలుసు.

రిటైర్డ్ వకీలు గుమాస్తా:

నేను 31 ఏళ్లు లాయర్ల దగ్గర గుమాస్తాగా చేసినాను. పైన రైతన్న చెప్పింది నిజం. నేను కాగితాల సంగతి చెబుతాను.

ముందు 24వ తేదీకి వకాల్తా, అంటే మీ తరఫున నడపమని లాయరుకు మీరిచ్చే అధికార పత్రం, పడాలి. జవాబు దావాకు (దావాకు మీరు రాసిచ్చే జవాబు) సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు, కారణం చూపి కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. కానీ ఇంజంక్షన్ పిటిషన్‌కు వేసే జవాబు (కౌంటర్) అంతకంటే తొందర. మీకు నోటీసే వచ్చింది, మధ్యంతర ఉత్తర్వు రాలేదు కదా? అయితే మీ మాట వినకుండా జడ్జి గారు ఏమీ ఇవ్వలేదన్నమాట. ఆ అవకాశాన్ని పోగొట్టుకోవద్దు.

లాయరును తూచడానికి మీ కేసులోనే ఒక మంచి ప్రశ్న ఉంది. "భాగాలు అయిపోయినాయి, ఇది నా భాగం, నా స్వాధీనంలో ఉంది" అని రాస్తారా? లేక "భాగాలే కాలేదు, ఉమ్మడి ఆస్తి, నాకూ వాటా ఉంది" అని రాస్తారా? రెండూ కలిపి రాస్తే తర్వాత సాక్ష్యంలో ఇరుక్కుంటారు. ఇందులో ఏది, ఎందుకు అని అడగండి. ఆలోచించి కారణంతో జవాబు చెప్పినవాళ్లు కేసు చదివినట్టు. "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నారంటే లేచి రండి.

వకాల్తా మీద సంతకం పెట్టే ముందు చదవండి. రాజీ చేసుకునే అధికారం, కేసు వాపసు తీసుకునే అధికారం కూడా అందులో అచ్చువేసి ఉంటాయి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ పెట్టుకుని మీ కేసుకిచ్చిన 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే వాయిదా తేదీ మీకే తెలుస్తుంది. రేపు లాయరును మార్చాలనిపించినా, ఫీజు బాకీ అని మీ కాగితాలు పట్టిపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

డబ్బు కష్టమైతే, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. మీ కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇంకో మాట. గుత్త డబ్బులు మీ బావ చేతికిచ్చినాడా, బ్యాంకులో వేసినాడా?

రాజుపాళెం కోడలు:

అన్నా, మీరడిగినాక మా ఆయన బ్యాంకు పుస్తకం బీరువా అడుగు నుంచి తీసినాను. మొదటి ఏడాది డబ్బు చేతికిచ్చినాడు, దానికి మా ఆయన నోటుబుక్కులో తేదీ వేసి రాసినాడు. రెండో ఏడాదిది 40 వేలు మా బావ ఖాతా నుంచే మా ఆయన ఖాతాలో పడింది.

నిన్న మళ్లీ ఆమె దగ్గరికి పోయి, మొదట అబద్ధం చెప్పినానని ఒప్పుకుని అంతా చెప్పినాను. ఆమె కోప్పడలేదు. పుస్తకంలో ఆ గీత కింద పెన్సిలుతో మెల్లగా గీసి, "అక్కా, పొలమంతా ఆయనదే అయితే మీకు గుత్త ఎందుకు కట్టినట్టు?" అంది. భాగాలు అయిపోయినాయనే రాద్దామని చెప్పింది. క్రాస్ తనే చేస్తానంది. ఒక సివిల్ కేసులో ఆమె వాదన ఈ గురువారం ఉందట. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయి వెనక బెంచీ మీద కూర్చుంటాను. అది చూసినాకే వకాల్తా మీద సంతకం పెడతాను.