టీఎంఎస్: తీవ్రత మార్చకపోయినా కండరం స్పందన మారుతోంది, ఎందుకు?

ప్రశ్న (ఫిజియాలజీ పీజీ విద్యార్థిని, తిరుపతి):
తలపై అయస్కాంత ఉద్దీపన (టీఎంఎస్) ఇచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండరం నుంచి ఈఎంజీ (కండరపు విద్యుత్ సంకేతాల నమోదు) తీస్తున్నాను. స్పందన 22 మిల్లీసెకండ్ల దగ్గర చక్కగా వస్తోంది. పరిమాణమే నిలవడం లేదు. అదే మనిషి, అదే తీవ్రత, ఒకసారి 0.3 మిల్లీవోల్టు, వెంటనే 1.4. గైడుగారికి పెద్ద అంకె చూపిస్తే సరిపోతుందా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు):
పెద్దది ఏరుకుంటే అది కొలత కాదమ్మా, బేరం. మెదడు, వెన్నుపాము ఉత్తేజ స్థితి క్షణక్షణానికీ మారుతుంది కనుక ఈ తేడా సహజమే. ఇరవై ముప్పై స్పందనలు తీసి సగటు కట్టండి. మధ్యలో ఐదారు సెకండ్ల ఎడం ఉండాలి, అదీ ఒకే లయలో వద్దు. లయ పసిగడితే మనిషి ముందే బిగుసుకుంటాడు.

చెయ్యి వదిలేశామనే అందరూ అంటారు. మాటను కాదు, తెరను నమ్మండి. ఉద్దీపనకు ముందరి 100 మిల్లీసెకండ్ల గీత చదునుగా లేకపోతే ఆ స్పందనను లెక్కలోకి తీసుకోకండి. కండరం కాస్త బిగిసినా పరిమాణం బాగా పెరుగుతుంది, స్పందన ఒకటి రెండు మిల్లీసెకండ్లు ముందే వస్తుంది. చేతికింద దిండు పెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు సార్. థ్రెషోల్డ్ (స్పందన రప్పించే కనీస తీవ్రత) కూడా రోజుకో రకంగా వస్తోంది. ఉద్దీపన ఇచ్చే కాయిల్‌ను తలమీద చేత్తోనే పట్టుకుంటున్నాం.

జవాబు (న్యూరో ఫిజియోథెరపిస్టు):
ఈత టోపీ తొడిగి దానిమీద కాయిల్ ఉంచే చోటు గుర్తు పెట్టండి. మీది తిరుపతి కదా, కొండమీద తలనీలాలు ఇచ్చి వచ్చినవారు దొరికితే గుండు మీదే పెన్నుతో గీయవచ్చు! కానీ వారే నెల తర్వాత జుట్టుతో వస్తే కాయిల్ కాస్త ఎడమవుతుంది, దూరంతోపాటు క్షేత్రం త్వరగా తగ్గిపోతుంది. అందుకే ఏ రోజు థ్రెషోల్డ్ ఆ రోజే తీయాలి: పదింట ఐదుసార్లయినా 50 మైక్రోవోల్టులు దాటించే అతి తక్కువ తీవ్రత. ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ అయితే పిడి వెనక్కి, మధ్యరేఖకు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. కోణం మారితే స్పందనా మారుతుంది.

జవాబు (ఇంకొకరు):
గీత మీద కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ అలలు కనిపిస్తే ముందు ఎర్త్ ఎలక్ట్రోడ్ చూడండి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడవండి. చెవులకు ప్లగ్గులు మీకూ అవసరమే. మూర్ఛ, పేస్‌మేకర్, తలలో లోహపు క్లిప్పు ఉన్నాయా అన్నది కాయిల్ చేతపట్టక ముందే అడగండి.