అప్‌డేట్: టిప్పర్ రిమోట్ సమస్య తీరింది, తప్పు ఎర్త్ (నెగటివ్) కనెక్షన్‌ది

నెల కింద అడిగాను కదా, మా 12 వోల్టుల మినీ టిప్పర్‌లో రిమోట్ నొక్కితే బాడీ సగం లేచి ఆగిపోతోందని, వైరు స్విచ్‌తో మాత్రం బాగానే లేస్తోందని. అది తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "మోటారు తిరుగుతుండగా రిసీవర్ దగ్గర వోల్టేజ్ చూడండి" అన్న అన్నకి.

(రిసీవర్ అంటే రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె, మోటారు అంటే బాడీని లేపే పంపుది.) ఆటో ఎలక్ట్రీషియన్ అదే చేశాడు. మోటారు ఆగి ఉంటే రిసీవర్ దగ్గర 12.6. కంకర లోడుతో నొక్కగానే 8.3కి పడిపోయింది, రిసీవర్ లైటు ఆరి మళ్లీ వెలిగింది. అదే క్షణంలో బ్యాటరీ దగ్గర 11.4 ఉంది. అంటే బ్యాటరీ మంచిదే, వోల్టేజ్ దారిలో పోతోంది. పవర్ ప్యాక్ (మోటారు, పంపు ఉన్న యూనిట్), రిసీవర్ రెండింటి ఎర్త్ ఛాసిస్‌కి ఒకే బోల్టు మీద ఉంది. విప్పితే లగ్గు (వైరు చివరి రింగు) కింద పెయింటు, దాని మీద తుప్పు. బాడీ కట్టినవాళ్లు పెయింటు గీకకుండానే బిగించేశారు!

గీకి, కొత్త లగ్గు వేసి, రిసీవర్ ఎర్త్ విడిగా బ్యాటరీ నెగటివ్‌కి లాగాడు. ఇప్పుడు లోడులో 11.2. మూడు వారాలుగా ఒక్కసారి కూడా ఆగలేదు.

రిమోట్ సెల్లు, కొత్త యాంటెనా, హైడ్రాలిక్ ఆయిల్ టాప్ అప్, వీటికి ఈ సమస్యతో సంబంధమే లేదు. రిమోట్ మార్చమన్న షాపతని మాట వినకపోవడం మంచిదైంది. వైరు స్విచ్ ఎందుకు పనిచేసిందంటే, సోలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద రిలే) ఆ తక్కువ వోల్టేజ్‌కీ పట్టుకుని ఉంటుంది, రిసీవర్ మాత్రం ఆగిపోతుంది.

మీరూ చెక్ చేస్తే, లేచిన బాడీ కింద సపోర్ట్ రాడ్ పెట్టకుండా తల దూర్చకండి.