ఎల్‌డీఎన్ డోసు: 4.5 దాకా వెళ్ళాల్సిందేనా, పనిచేసిన చోట ఆగాలా?

పద్మ (ఎంవీపీ కాలనీ): నాకు ఫైబ్రోమయాల్జియా అండీ, ఒళ్ళంతా నొప్పులు వదలని జబ్బు. డాక్టరుగారు నల్ట్రెక్సోన్ చిన్న డోసులో (ఎల్‌డీఎన్ అంటారే, అదే), 1.5 మిల్లీగ్రాములు రాశారు. పొద్దున్నే ఒళ్ళంతా పట్టేసేది కాస్త సడలింది, జడ వేసుకోడానికి చేతులు పైకి లేస్తున్నాయి. కానీ వాట్సాప్ గ్రూపులో అందరూ 4.5కి వెళ్ళకపోతే దండగ అంటున్నారు, మావారేమో ఉన్నది చాల్లే అంటారు. ఏం చెయ్యమంటారు?

శీను (గాజువాక): పెంచాల్సిందే అక్కా. డెన్మార్క్‌లో 25 మంది ఆడవాళ్ళకి 0.75 నుంచి 6 దాకా రకరకాల డోసులిచ్చి చూశారు, సగం మందికి గుణం కనిపించే డోసు 3.88 అని, 95 శాతం మందికైతే 5.4 అని లెక్క తేలింది. 1.5 దగ్గర ఆగితే మందు సంగతి తేలకుండానే వదిలేసినట్టు. మా అమ్మకి 3 దాటాకే తేడా తెలిసింది.

వేణు (సీతమ్మధార): శీనూ, ఆ డెన్మార్క్ వాళ్ళే తర్వాత 99 మందితో పెద్ద ట్రయల్ చేశారు కదా, కొందరికి 6 మిల్లీగ్రాములు, కొందరికి ఉత్తుత్తి మాత్ర, 12 వారాలు. నొప్పి తగ్గడంలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎంత ఎక్కువైతే అంత మంచిదనే మాట నిజమైతే అక్కడ కనపడాలి. అసలీ మందు వ్యసనాలు మాన్పించడానికి 50 మిల్లీగ్రాములు ఇచ్చేది, చిన్న డోసులో వాడ్డం 1980ల్లో న్యూయార్క్ డాక్టర్ బెర్నార్డ్ బిహారీ మొదలెట్టారు. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 31 మంది మీద చేసిన ట్రయల్‌లో కూడా అందరికీ ఒకటే 4.5, మనిషిని బట్టి మార్చలేదు. అందుకే ఆ అంకె అందరి నోళ్ళలో నానుతోంది గానీ అది ప్రతి ఒంటికీ సరిపోవాలని ఎక్కడుంది? పద్మగారికి చేతులు లేస్తున్నాయంటే అది చిన్న విషయం కాదండీ, నాకు డోసు పెంచగానే రాత్రంతా వింత కలలు, నిద్ర పోయి మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువయ్యేది, డాక్టరుగారు మళ్ళీ తగ్గించి పొద్దున పూట వేసుకోమన్నాక కుదుటపడింది.

ఇంకోటి, షాపుల్లో దొరికేది 50 మిల్లీగ్రాముల బిళ్ళ, దాన్ని బ్లేడుతో ముక్కలు చేస్తే ఏ ముక్కలో ఎంతుందో ఎవడికి తెలుసు. 50 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపితే ఒక మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము, నాకు ఫార్మసిస్టే కలిపి సిరంజి గీతలు చూపించారు, సీసా ఫ్రిజ్‌లో పెట్టి ప్రతిసారీ బాగా ఊపి తీస్తాను. మీరు ఎలా కొలుస్తున్నారో ముందది చూసుకోండి.

సుజాత (మద్దిలపాలెం): డోసు గొడవ కంటే ముందు ఒక మాట అమ్మా, కీళ్ళనొప్పులకి మనకి ట్రమడాల్ (నల్లమందు జాతి నొప్పి మందు) కలిసిన బిళ్ళలు ఇట్టే రాసేస్తారు. నల్ట్రెక్సోన్‌తో అది కలపకూడదు. నొప్పి మందు పనిచెయ్యదు, దానికి అలవాటు పడ్డవాళ్ళకైతే ఒక్కసారిగా వాంతులు, వణుకు పట్టుకుంటాయి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి చాలా ముందే చెప్పాలి.

శీను: సుజాతక్క మాటకి తిరుగులేదు. కానీ వేణన్నా, 99 మందికీ కలిపి సగటు తీస్తే బాగా గుణం కనిపించినోళ్ళు అందులో మునిగిపోతారు. ఆ ట్రయల్‌లోనే మతిమరుపు విషయంలో కొంత మెరుగు కనిపించిందన్నారు కూడా. నాలుగు వారాలకో అర మిల్లీగ్రాము చొప్పున డాక్టర్ని అడిగి పెంచితే నష్టమేంటి?

వేణు: ఆగిపోయిన గుణాన్ని ముందుకి నెట్టడానికి పెంచితే నష్టం లేదు. గుణం ఇంకా పెరుగుతుండగానే పెంచితే ఏ డోసు పనిచేసిందో తేల్చేదెలా?