2.6 లక్షల కిలోమీటర్లు తిరిగిన పికప్: ఇంకో లక్ష రావాలంటే ముందు ఏం చేయించాలి?

పీలేరు పికప్
అన్నలందరికీ నమస్కారం. బీఎస్-4 కామన్ రైల్ పికప్, 2018 మోడల్, మీటరు 2.6 లక్షలు దాటింది. మదనపల్లె మార్కెట్ నుంచి తిరుపతికి టమాటా, సీజన్లో దామలచెరువు నుంచి బెంగళూరుకు మామిడి. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు నీలం పొగ వస్తుంది, మళ్లీ కనపడదు. లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. నాలుగు నుంచి మూడో గేరుకు దించితే కర్రుమంటుంది. భాకరాపేట ఘాట్ దిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడుతుంది. ఇంజన్ దించి బోర్ (సిలిండర్లు కోయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయడం) చేయించమని మెకానిక్ అంటాడు. చేతిలో 60 వేలు ఉంది. బోరా, వేరే పనులా? ఏది ముందు?

చిత్తూరు డీజిల్
తమ్ముడూ, బోర్ మాట పక్కన పెట్టు. నువ్వు చెప్పినవాటిలో ప్రాణం మీదికి వచ్చేది బ్రేకు. అది బాగయ్యేదాకా లోడు బండిని ఘాట్ దించొద్దు.

ఘాట్ దిగినాకనే పెడల్ మెత్తబడుతోందంటే బ్రేక్ ఆయిల్ ఉడుకుతోందని మొదటి అనుమానం. ఆ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా ఉడకదు, తేమ పట్టినాక 155 దగ్గరే ఉడకొచ్చు. ఆవిరి బుడగలు అణుగుతాయి కాబట్టి పెడల్ లోపలికి పోతుంది. బండిలో బ్రేక్ ఆయిల్ పోసే మూత మీద ఏ గ్రేడ్ రాసి ఉంటే అదే సీలు తీయని డబ్బా కొని పాతదంతా తీయించు. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, రంగు తేటపడేదాకా బ్లీడ్ చేయించాల, అంటే పాత ఆయిల్, గాలి బయటికి తీయించాల. ఇకమీదట రెండేళ్లకోసారి ఇదే పని.

వెనక డ్రమ్ములు కూడా విప్పించు. లైనర్ మీద గేర్ ఆయిల్ మరక ఉంటే ఆ లైనర్ పనికిరాదు. పెట్రోలుతో కడిగి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. హబ్ సీల్ మార్చే ముందు యాక్సిల్ గొట్టం మీద ఉండే చిన్న బ్రీదర్ చూడు. బొటనవేలి గోరంత ఉంటుంది, బురద పట్టి మూసుకుపోతుంది. డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) వేడెక్కితే లోపలి గాలికి దారి లేక ఆయిల్ సీల్ పక్కనుంచి తన్నుకొస్తుంది. దాన్ని వేలితో తిప్పితే కదలాల. వదిలేసి ఎన్ని కొత్త సీళ్లు వేసినా మళ్లీ కారుతాయి.

ఇక పొగ. చల్లగా ఉన్నప్పుడు నీలం వచ్చి పోతోందంటే ఎక్కువగా వాల్వ్ స్టెమ్ సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిల్ కారకుండా ఆపే రబ్బర్లు) గట్టిపడి ఉంటాయి. పిస్టన్ రింగులు పోతే లోడు మీద కూడా వస్తుంది, ఆయిల్ మూత తీస్తే ఐడిల్‌లోనే బుసబుస కొడుతుంది. డిప్ స్టిక్ పై గీత దాకా ఆయిల్ పోసి, 1000 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ గీతకు తేవడానికి ఎంత పట్టిందో కొలువు. లీటరు దాటితే కంప్రెషన్ టెస్ట్ చేయించు. పావు లీటరు అయితే బోర్ మాటే లేదు.

పలమనేరు రేడియేటర్
మొగిలి ఘాట్ వేడి గురించి. ఇంజన్ బాగా వేడి మీద ఉన్నప్పుడు ఆపి, తాళం తీసేసి, చేతికి గుడ్డ చుట్టుకొని ఫ్యాన్ తిప్పు. గట్టిగా అడ్డుపడుతూ తిరగాల. గిరగిరా తిరిగితే ఫ్యాన్‌ను ఇంజన్‌తో కలిపే విస్కస్ కప్లింగ్‌లో సిలికాన్ నూనె కారిపోయినట్టే. చదునులో బండి వేగానికి వచ్చే గాలి సరిపోతుంది. ఘాట్లో రెండో గేరులో పోతుంటే ఫ్యానే దిక్కు. అందుకే అక్కడే ముల్లు లేస్తుంది.

రెండోది రేడియేటర్ మూత. ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచితే ఉట్టి నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా ఉడకవు. మూత రబ్బరు చచ్చిపోతే వందకే ఉడుకుతాయి. పాత మూత మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకో. రేడియేటర్లో బోరుబావి నీళ్లు పోస్తుంటే ఇవాళే మానెయ్యి, మన దిక్కు నీళ్లకు లోపల గచ్చు కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కినాకే రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వ్) పీకేస్తే వేడి తగ్గుతుందని మన షెడ్లలో సలహా ఇస్తారు, వినొద్దు. ఇంజన్ పని వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి.

పీలేరు పికప్
ఫ్యాన్ చూశాను, వేడి మీద కూడా తేలిగ్గా తిరుగుతోంది. మరి గేరు? ఇంకోటి, వెనక స్ప్రింగ్‌లో ఒక పట్టా ఎక్కువ వేయించమంటున్నారు. వేయించనా?

తిరుపతి గేర్‌బాక్స్
ఫ్యాన్ కప్లింగ్ మార్చు, సందేహం లేదు. గేర్‌బాక్స్ దించే ముందు ఒక పరీక్ష చెయ్. ఐడిల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్స్ వెయ్యి. అక్కడా కర్రుమంటే క్లచ్ విడవడం లేదని అర్థం. హైడ్రాలిక్ అయితే సిలిండర్లో గాలి, కేబుల్ అయితే సాగడం. అది చిన్న ఖర్చుతో పోతుంది. రివర్స్ మెత్తగా పడి మూడు ఒక్కటే కర్రుమంటే సింక్రో రింగు (గేర్ల వేగాన్ని కలిపే ఇత్తడి రింగు) అరిగినట్టు. అప్పుడు కూడా ముందు ఆయిల్ మార్చి చూడు. మాన్యువల్‌లో జీఎల్-4 (గేర్ ఆయిల్ గ్రేడ్) అని ఉంటే గేర్‌బాక్స్‌లో అదే పోయాల. జీఎల్-5 డిఫరెన్షియల్‌కు. దానిలోని గంధకం మందు ఇత్తడి రింగులను తినేయొచ్చు.

పట్టా మాత్రం వద్దు. స్ప్రింగ్ గట్టిపడితే అది వంగి ఓర్చుకోవాల్సిన దెబ్బ ఛాసిస్ మీద పడుతుంది, స్ప్రింగ్‌ను ఛాసిస్‌కు పట్టే ముందువైపు హ్యాంగర్ దగ్గర పగులుతుంది. బొలెరో అయినా, యోధా అయినా, మన శ్రీసిటీలో తయారయ్యే డీ-మ్యాక్స్ అయినా ఇదే లెక్క. 1.7 టన్ను బండి అనుకో, క్రేటు 28 కిలోలు పడితే 60 క్రేట్లకే 1680 కిలోలు. 80 ఎక్కించి పట్టా వేస్తే బండి వంగినట్టు కనపడదు, అంతే.

చిత్తూరు డీజిల్
దానికి తోడు టమాటా రసం. అది పులుపు, డెక్ చెక్కల సందుల్లోంచి కారి ఛాసిస్ మీద ఆరిపోతుంది. లోడు దించిన రోజే కింది నుంచి నీళ్లు కొట్టాల. హ్యాంగర్ చుట్టూ వైర్ బ్రష్‌తో రుద్ది చూడు, వెంట్రుకంత గీత కనపడినా వదలొద్దు. పగులు చివర 5 మి.మీ. రంధ్రం వేసినాకే వెల్డింగ్, లేకుంటే పగులు ముందుకు పాకుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ మైనస్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కనెక్టర్ రెండూ విప్పించు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు పోయే రాడ్డు) కీలు దగ్గరి క్రాస్‌కు 5000 కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాల. ఒక్కదాంట్లోంచి రాకపోయినా ఆ క్రాస్ విప్పి చూడాల్సిందే. నీది 2018 మోడల్ కదా, ఎనిమిదేళ్లు దాటినాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా. బ్రేకు, హ్యాంగర్ పనులు ఆ తేదీకి ముందే ముగించుకో. 60 వేలలో బ్రేకు, ఫ్యాన్, క్లచ్ అయినాక మిగిలితే అప్పుడు స్టెమ్ సీళ్లు.