శివారు పొలానికి నీళ్లు రావాలంటే ఏం చేయాలి?

శివారు_కుర్రాడు:
నేను గుంటూరులో జాబ్, నాన్న ఊళ్లోనే వ్యవసాయం. కృష్ణా పశ్చిమ డెల్టాలో పంట కాలువ చివర మూడెకరాలు మాది. ఏటా ఇదే గోల, కాలువలకి నీళ్లొదిలారని పేపర్లో వస్తది, మా బోదె తడిసేసరికి నారు ముదిరిపోద్ది. ఎగువోళ్లు ఇంజన్లేసి తోడేస్తారు, రాత్రిళ్లు తూము తలుపులు ఎత్తేస్తారు, పోట్లాడదామంటే సగం మంది మా చుట్టాలే. వంతులు పెట్టుకుందామంటే అందరూ సరే అంటారు, రెండో వారానికి ఎవడి దారి వాడిదే. లస్కరు, అదే కాలువ చూసే సర్కారు మనిషి, ఒక్కడే ఎన్ని తూములని చూస్తాడు పాపం. అసలు ఎక్కడైనా ఇది వర్కవుట్ అయిందా?

బాబాయ్_తెనాలి:
నీటి సంఘానికి చెప్పమంటారు అందరూ. 1997లో చట్టం తెచ్చి రైతులే కాలువ చూసుకోవాలన్నారు, బానే ఉంది, మా దగ్గర మాత్రం అది పూడిక బిల్లుల సంఘం అయిపోయింది. వంతు కాగితం మీద రాసుకుంటే ఏమొస్తది అబ్బాయ్, రాత్రి రెండింటికి తూము దగ్గర ఎవడు పడుకుంటాడన్నదే పాయింటు. మేం ఎకరానికింత అని వేసుకుని ఇద్దర్ని పెట్టాం, ఒకడు ఎగువోడు ఒకడు శివారోడు, అప్పుడే ఇద్దరూ కుమ్మక్కవ్వరు. దొరికితే మొదటిసారి తిట్లు, రెండోసారి కాపలా వాళ్ల కూలి వాడే కట్టాలి, మూడోసారి వంతు కట్.

పుస్తకాల_పురుగు_బెజవాడ:
బాబాయ్ గారు, దాదాపు ఇదే చెప్పి ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా ప్రొఫెసర్ 2009లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకుంది! ఉమ్మడి సొత్తుని వదిలేస్తే నాశనమే, సర్కారుకో ప్రైవేటుకో అప్పజెప్పాలని 1968లో గారెట్ హార్డిన్ అనే శాస్త్రవేత్త అన్నాడు. ఈవిడేమో స్పెయిన్, ఫిలిప్పీన్స్ కాలువలు చూపించి, వాడుకునేవాళ్లే రూల్సు పెట్టుకుని కాపలా కాసుకుంటే తరాల తరబడి నడుస్తాయంది. మన కర్నూలు వైపు ఊళ్లని రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు చూశాడు, అక్కడ కాలువ చివర నీళ్లకి కటకటలాడే ఊళ్లే సొంతంగా నీరు కట్టేవాళ్లని పెట్టుకున్నాయి. పైనోళ్లకి ఆ అవసరం లేదు మరి, అదే తంటా. నేపాల్‌లో కొండకాలువల కట్టలు ఏటా కొట్టుకుపోయేవి, మళ్లీ కట్టడానికి దిగువోళ్ల కూలి కావాలి కాబట్టి పైనోళ్లు నీళ్లొదిలేవాళ్లు. కాంక్రీటు కట్ట వచ్చాక కొన్నిచోట్ల దిగువోళ్లకి నీళ్లు తగ్గాయి, మీతో పనేముంది అన్నట్టు.

డెల్టా_రైతు:
అయితే మీతో ఎగువోళ్లకి ఏం పని ఉందో వెతుకు తమ్ముడూ. వాళ్ల మురుగు కాలువ మీ చేల పక్కనుంచే కదా పోయేది? గుర్రపుడెక్క పట్టేసి మురుగు లాగకపోతే తుపాను వానకి మునిగేది వాళ్ల చేలు కూడా. మీ హద్దులో డెక్క మీరు తీయిస్తాం అనండి, బదులుగా వంతు అడగండి. ఊరికే న్యాయం న్యాయం అంటే ఎవడు వింటాడు.

శివారు_కుర్రాడు:
అబ్బ, ఇది తట్టలేదన్నా. పోయినేడు మురుగు ఎగదన్ని పెదనాన్న చేలో నాలుగు రోజులు నీళ్లు నిలబడ్డాయి. ఆదివారం వెళ్తున్నా, ముందు ఆయన దగ్గరికే. కాలువ మీద అందరికంటే పెద్ద ఇంజను ఆయనదే.